పేరు పేరునా జ్ఞాపకం

దర్శి, పొదిలి, మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లోని మన సహవాసాలలో కొంతకాలంగా ఒక మార్పు చూస్తున్నాము. ఒకప్పుడు పిల్లలు పనికోసం హైదరాబాదుకో, బెంగుళూరుకో వెళ్ళేవారు. ఇప్పుడు కొన్ని ఇళ్ళ నుండి కెనడాకు చదువుకు వెళ్తున్నారు. నవంబరు నెలలో వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు ఆ పిల్లల కోటు మీద ఎడమ పక్కన చిన్న ఎర్ర పువ్వు గుచ్చి ఉంటుంది. "ఏంట్రా ఆ పువ్వు, పెళ్ళికి పోయినావా?" అని తల్లి అడుగుతుంది. "కాదమ్మా, ఇక్కడ అందరూ పెట్టుకుంటారు. యుద్ధంలో చనిపోయినోళ్ళ కోసమంట" అంటాడు కొడుకు. అంతటితో ఆ మాట అయిపోతుంది. అన్నం తిన్నావా, చలి ఎట్లా ఉంది అనే మాటల్లో పడిపోతారు.

ఆ పువ్వు సంగతి ఈ దినం కొంచెం వివరంగా చెప్పుకుందాము. 1918వ సంవత్సరం నవంబరు 11వ తేదీ ఉదయం 11 గంటలకు మొదటి ప్రపంచ యుద్ధం ఆగిపోయింది. ఆ యుద్ధానికి కెనడా నుండి 6 లక్షల మందికి పైగా సైన్యంలో చేరారు. సుమారు 61 వేల మంది తిరిగి రాలేదు. అప్పటికి ఆ దేశపు జనాభా 80 లక్షలే! రెండవ ప్రపంచ యుద్ధంలో 10 లక్షల మందికి పైగా పనిచేశారు, సుమారు 45 వేల మంది చనిపోయారు. ప్రతి సంవత్సరం నవంబరు 11న ఆ గంటకు బడి, ఆఫీసు, రోడ్డు, ఎక్కడివారక్కడ నిలబడి మౌనం పాటిస్తారు. 1921 నుండి ఆ గసగసాల ఎర్ర పువ్వు వారికి గుర్తుగా ఉంది.

మంచిదే, ఎవరో దూరదేశపు సైనికులు, వారితో మనకేమి పని అని మీరు అడగవచ్చు. పని ఉన్నది. అయితే దానికోసం మన ఒంగోలు నుండి బయలుదేరి, కాకినాడ మీదుగా సింహళం దాకా వెళ్ళి రావాలి.

మన ప్రాంతానికి సువార్త తెచ్చినది అమెరికన్ బాప్తిస్టు మిషను అని, క్లౌ దొరగారు అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. కాని ఆ తొలి దినాల్లో ఇక్కడ పనిచేసినవారిలో కెనడావారు ఉన్నారని చాలామందికి తెలియదు. రామాయపట్నంలో పనిచేసిన టింపనీ దొర కెనడా మనిషి. 1872 తరువాత క్లౌ దొరగారు సెలవు మీద అమెరికా వెళ్ళినప్పుడు ఒంగోలు పనిని చూసుకున్న మెక్‌లారిన్ దొర కూడా కెనడా మనిషే. ఆయన 1874లో ఇక్కడ నుండి కాకినాడ వెళ్ళి కెనడియన్ బాప్తిస్టు మిషనుకు పునాది వేశాడు. కొన్ని సంవత్సరాలకు టింపనీ దొర కూడా ఆయన వెంట అక్కడికే చేరాడు. 1885లో అక్కడే కలరా తగిలి చనిపోయాడు. కాకినాడలో మెక్‌లారిన్ హైస్కూలు, విశాఖలో టింపనీ స్కూలు వారి పేర్లతోనే ఉన్నాయి. ఆ విధంగా గోదావరి జిల్లాల నుండి శ్రీకాకుళం దాకా "కెనడా దొరలు" అనే మాట ఊరూరా తెలిసిన మాట అయింది. బడి, ఆసుపత్రి, గుడి, ఈ మూడింటితో కెనడా అనే పేరు మనవారికి పరిచయం. తుపాకితో కాదు.

ఇక 1942కి వద్దాము. అప్పటికి సింగపూరు పడిపోయింది, రంగూను పడిపోయింది. జపానువారి ఓడలు బంగాళాఖాతంలోకి ప్రవేశించాయి. ఆ సంవత్సరం ఏప్రిల్ 5వ తేదీ ఈస్టరు ఆదివారం. ఆ ఉదయం ఐదు విమానవాహక నౌకలతో వచ్చిన జపాను దండు కొలంబో మీద బాంబులు వేసింది. అదే దినం సముద్రంలో రెండు బ్రిటిషు యుద్ధనౌకలను ముంచింది. మరునాడు, ఈస్టరు సోమవారం ఏప్రిల్ 6న, వేరొక జపాను దండు విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ దండే ఆ కొద్ది దినాలలో బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడలను ముంచివేసింది. విశాఖ జనం మూటాముల్లె సర్దుకొని లోపలి ఊళ్ళకు పారిపోయారు. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలను కూడా లోపలి పట్టణాలకు తరలించారు. కోస్తా ఊళ్ళ పెద్దవాళ్ళు "బాంబులు పడ్డ ఏడు" అని లెక్క చెప్పేది ఈ సంవత్సరాన్నే.

ఈ కథలో ఒక కెనడా మనిషి ఉన్నాడు. పేరు లెనార్డ్ బిర్చల్. ఒంటారియో రాష్ట్రంలో సెయింట్ కాథరిన్స్ అనే ఊరివాడు. కెనడా వాయుసేన 413వ స్క్వాడ్రనులో పైలటు. ఉత్తరాన షెట్లాండు దీవుల చలిలో ఉన్న ఆ దళాన్ని ఉన్నఫళాన సింహళం దక్షిణ తీరానికి, కొగ్గల అనే చోటికి పంపించారు. నీటి మీద దిగగల కెటలినా అనే పెద్ద విమానాలు వారివి. బిర్చల్ అక్కడ దిగిన రెండు దినాలకే, ఏప్రిల్ 4న తెల్లవారుజామున, సముద్రం గాలించడానికి ఎగిరాడు. దినమంతా తిరిగారు, ఏమీ కనబడలేదు. ఇక తిరుగుముఖం పట్టబోతుండగా, సాయంకాలం నాలుగు గంటల ప్రాంతంలో, దక్షిణాన నీటి అంచు మీద చుక్కల్లాగా ఓడలు కనిపించాయి. ఏవో చూద్దామని దగ్గరకు పోయారు. చూసేసరికి అది జపాను దండు!

అప్పుడు వారు చేయగలిగినది ఒక్కటే: ఎన్ని ఓడలు, ఎక్కడ ఉన్నాయి, ఎటు పోతున్నాయి అని వైర్‌లెస్‌లో కొలంబోకు చెప్పడం. దాక్కోవడానికి మబ్బు లేదు. ఆ భారీ విమానం వేగంగా పారిపోగలిగినదీ కాదు. జపాను విమానాలు చుట్టుముట్టాయి. ఒకే వార్తను మళ్ళీ మళ్ళీ పంపడం అప్పటి పద్ధతి. ఆ విధంగా పంపుతుండగానే గుండ్లు తగిలి వైర్‌లెస్ పగిలిపోయింది, విమానం సముద్రంలో పడింది. లోపల ఉన్నది తొమ్మిది మంది. ముగ్గురు అక్కడే చనిపోయారు. బ్రతికిన ఆరుగురిని జపాను ఓడ ఎక్కించుకొని, వార్త పంపారా లేదా చెప్పమని చావగొట్టారు. యుద్ధం ముగిసేదాకా, అంటే మూడేళ్ళకు పైగా, వారు జపానులో ఖైదీలు.

పత్రికలు బిర్చల్‌కు "సింహళ రక్షకుడు" అని పేరు పెట్టాయి. పతకం ఇచ్చారు. ఖైదీల శిబిరంలో జబ్బుపడ్డ మనుషులను పనికి తోలుతుంటే అడ్డుపడి దెబ్బలు తిన్నందుకు, 1946లో మరొక బిరుదు ఇచ్చారు. ఆయన రహస్యంగా రాసి దాచిన డైరీలు తరువాత యుద్ధనేరాల విచారణలో సాక్ష్యాలయ్యాయి. యుద్ధమంతటిలో తనకు మిక్కిలి భయం కలిగించిన ఘడియ జపాను దండు సింహళం వైపు వస్తోందని విన్నప్పటిదే అని చర్చిలు ఒక విందులో అన్నట్టు, కెనడా రాయబారి లెస్టర్ పియర్సన్ చెప్పిన సంగతి ప్రసిద్ధం. 2000లో కెనడా ప్రభుత్వం ఆయనను ఆర్డర్ ఆఫ్ కెనడాతో గౌరవించింది. 2004లో తన 89వ ఏట చనిపోయాడు.

రక్షకుడు అనే మాట మన చెవికి కొంచెం పెద్దగా వినబడుతుంది. మన నోట ఆ మాట ఎవరికి చెల్లుతుందో మీకు తెలుసు. అది పక్కన పెట్టి, చరిత్రగానే చూద్దాము. జపానువారు వస్తారని బ్రిటిషు నౌకాదళానికి ముందే కొంత సమాచారం ఉన్నది. పెద్ద నౌకలు అప్పటికే కొలంబోలో లేవు. బిర్చల్ వార్తతో రేవులో మిగిలిన ఓడలు అనేకం బయటికి వెళ్ళిపోగలిగాయి. అయినా తెల్లవారి శత్రు విమానాలు వచ్చేసరికి రత్మలానాలో మన పక్షపు ఫైటరు విమానాలు ఇంకా నేల మీదనే ఉన్నాయి. ఇక విశాఖకు, కాకినాడకు ఆ వార్త ఏ మేలూ చేయలేదు, ఎందుకంటే అక్కడికి వచ్చినది వేరే దండు. కాబట్టి ఆయన ఒక్కడే సింహళాన్ని కాపాడాడు అనడం పత్రికల ఉత్సాహం. తన విమానం కాలిపోతున్నా వార్త పంపడం ఆపలేదు అనడం మాత్రం నిజం. నన్నడిగితే ఆ రెండవ మాటే పెద్ద మాట.

మరొక సంగతి. ఆ విమానంలోని తొమ్మిది మందిలో కెనడావారు ఇద్దరే. ఒకడు బిర్చల్. రెండవవాడు దిక్కూ దూరమూ లెక్కగట్టే ఆనియెట్. మిగిలినవారు బ్రిటిషు వాయుసేనవారు. సముద్రం మధ్యలో మేము ఫలానా చోట ఉన్నాము అని లెక్క తేల్చినది ఆనియెట్. గుండ్ల వర్షంలో మీట నొక్కుతూ కూర్చున్నది వైర్‌లెస్ ఆపరేటరు. కాని బిరుదు వచ్చినది ఒక్కరికి. బిర్చల్ తప్పు కాదది, లోకం జ్ఞాపకముంచుకునే పద్ధతే అట్లాంటిది. ప్రసంగి గ్రంథంలో ఒక చిన్న పట్టణాన్ని తన జ్ఞానంతో కాపాడిన బీదవాని సంగతి మీరు చదివి ఉంటారు. ఆ తరువాత అతన్ని ఎవరూ తలచుకోలేదని అక్కడే రాసి ఉన్నది.

ఈ చిక్కును కెనడావారు చాలా పట్టుదలగా ఎదుర్కొన్నారు. వీరులను పొగడడం అన్ని దేశాలూ చేస్తాయి. వారు చేసినది పేర్లు రాయడం. ఫ్రాన్సులో విమీ అనే గుట్ట మీద 1917లో కెనడా సైన్యం యుద్ధం చేసింది. అదీ ఈస్టరు సోమవారమే, ఏప్రిల్ 9. నాలుగు దినాలలో 3,598 మంది చనిపోయారు. ఆ గుట్ట మీద కట్టిన స్మారకం 1936 జూలై 26న తెరిచారు. ఆ గోడల మీద, ఫ్రాన్సులో చనిపోయి సమాధి ఎక్కడున్నదో తెలియని 11,285 మంది కెనడావారి పేర్లు చెక్కించారు. ఒట్టావాలో పార్లమెంటు గోపురం లోపల ఒక గది ఉన్నది. చాలాకాలం జ్ఞాపక గ్రంథం అందులో ఉండేది. మొదటి యుద్ధంలో చనిపోయిన 66 వేల పైచిలుకు పేర్లు చేతితో, రంగులద్ది రాసినది. రాయడం మొదలుపెట్టిన చిత్రకారుడు జేమ్స్ పర్వ్స్ అది పూర్తికాకుండానే 1940లో చనిపోయాడు. శిష్యుడు అలన్ బెడో 1942లో ముగించాడు. మన కోస్తా మీద బాంబులు పడ్డ ఏడే అది! ఒక యుద్ధపు పేర్లు రాయడం ముగిసేలోపు రెండవ యుద్ధపు పేర్లు మొదలయ్యాయి. ఇప్పటికీ ప్రతి దినం ఉదయం 11 గంటలకు ఆ గ్రంథపు పుట తిప్పుతారు. ప్రతి పేరూ సంవత్సరంలో ఒక్క దినమైనా వెలుగు చూడాలని.

తల్లులను కూడా మరచిపోలేదు. 1919 డిసెంబరులో చనిపోయిన సైనికుల తల్లులకు, భార్యలకు వెండి సిలువ ఒకటి ఇవ్వడం ఆరంభించారు. ఇప్పటికీ నవంబరు 11న ఒట్టావాలో తల్లులందరి పక్షాన ఒక తల్లి వచ్చి పూలదండ పెడుతుంది. సమాధి రాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల కమిషను ప్రతి రాతి కింద కుటుంబంవారు తమకిష్టమైన మాట చెక్కించుకోవచ్చన్నది, 66 అక్షరాలకు మించకుండా. బ్రిటన్‌లో మొదట ఆ కుటుంబాలను అక్షరానికి ఇంత అని డబ్బు అడిగారు. ఒక విధవరాలు అక్షరాలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి! కెనడా ప్రభుత్వం తనవారి ఖర్చు తానే పెట్టుకున్నది.

ఇంత శ్రద్ధగలవారు కూడా కొందరిని విడిచిపెట్టారు. ఇది దాచిపెట్టి చెబితే చరిత్ర కాదు. సరుకు ఓడల మీద పనిచేసి, జర్మనీ జలాంతర్గాముల దెబ్బకు చనిపోయిన కెనడా నావికులు సుమారు 1,600 మంది. వారు తుపాకి పట్టలేదు గనుక సైనికులు కారన్నారు. సైనికులతో సమానమైన గుర్తింపు కోసం వారు 1992 దాకా కనిపెట్టుకొని ఉండాల్సి వచ్చింది. అప్పటికి యుద్ధం ముగిసి 47 ఏళ్ళు. ఆదివాసి సైనికుల సంగతి ఇంకా కష్టం. టామీ ప్రిన్స్ అనే ఆదివాసి రెండు యుద్ధాల్లో పోరాడి, రాజు చేతుల మీద పతకం అందుకున్నాడు. ఇంటికి వచ్చాక పేదరికంలో బ్రతికి 1977లో చనిపోయాడు. పతకాలు చేతులు మారిపోయాయి. 2001లో బంధువులు వేలంపాటలో వాటిని తిరిగి కొనుక్కోవలసి వచ్చింది. ఆదివాసి సైనికుల కోసం ఒట్టావాలో స్మారకం నిలబెట్టినది కూడా ఆ సంవత్సరమే.

వాంకూవరు పట్టణంలో స్టాన్లీ పార్కు అని ఒక పెద్ద తోట ఉన్నది. అందులో ఒక స్తంభం, పైన దీపం. మొదటి యుద్ధంలో కెనడా పక్షాన పోరాడి చనిపోయిన 54 మంది జపాను సంతతివారి కోసం 1920లో నిలబెట్టినది. 1942లో, జపానుతో యుద్ధం వచ్చిందని, ఆ దీపం ఆర్పివేశారు. జపాను సంతతివారు సుమారు 22 వేల మందిని ఇళ్ళ నుండి వెళ్ళగొట్టి శిబిరాల్లో పెట్టారు. వారిలో ఆ పాత సైనికులు కూడా ఉన్నారు. ఆ దీపం మళ్ళీ వెలిగించినది 1985లో. ఆలోచించండి, చనిపోయినవారు ఏ తప్పు చేశారు?

మనదేశపు బిడ్డ ఒకని కథ కూడా ఉన్నది. పంజాబు నుండి 1907లో, పద్నాలుగేళ్ళ వయసులో కెనడా వెళ్ళిన బుక్కం సింగ్ అనే సిక్కు యువకుడు, 1915లో కెనడా సైన్యంలో చేరాడు. మొదటి యుద్ధంలో ఆ సైన్యంలో చేరిన సిక్కులు పదిమంది లోపే. రెండుసార్లు గాయపడ్డాడు. క్షయ రోగంతో 1919లో ఒంటారియోలోని కిచెనరు పట్టణంలో చనిపోయాడు. భార్య పంజాబులో, సమాధి కెనడాలో, తలచేవారు ఎక్కడా లేరు. దాదాపు 90 ఏళ్ళ తరువాత, 2008లో, సందీప్ సింగ్ బ్రార్ అనే చరిత్రకారుడు లండనులో ఒక తాకట్టు దుకాణం నుండి ఆయన పతకాన్ని కొన్నాడు. పతకం అంచున పేరు, నంబరు చెక్కి ఉన్నాయి. ఆ పేరు పట్టుకొని వెదికితే సమాధి దొరికింది. ఇప్పుడు ప్రతి సంవత్సరం నవంబరులో అక్కడ జనం కూడుతున్నారు. పతకం అంచున నాలుగు అక్షరాలు ఎవరో చెక్కకపోయి ఉంటే ఆ మనిషి దొరికేవాడే కాడు. ఎస్తేరు గ్రంథంలో మొర్దెకై చేసిన మేలు రాజు పుస్తకంలో రాసి ఉండబట్టే కదా, నిద్రపట్టని ఒక రాత్రి అది చదివించుకొని రాజు అతన్ని తలచుకున్నాడు!

ఇక్కడ కొందరు విశ్వాసులు ఒక ప్రశ్న అడుగుతారు. అయ్యగారూ, సైనికులను ఇంతగా తలచుకోవడం యుద్ధాన్ని పొగడడం కాదా? మంచి ప్రశ్న. నల్లమలకూ కృష్ణకూ ఆవల, మహబూబ్‌నగర్ వైపు పనిచేసిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనువారు ఆయుధం పట్టకూడదని నమ్మిన సంప్రదాయంవారు. ఆ మిషనరీలలో కెనడావారూ ఉన్నారు. రెండవ యుద్ధంలో కెనడాలో అట్లా మనస్సాక్షిని బట్టి తుపాకి పట్టమన్నవారు సుమారు 10 వేల మంది. వారిచేత అడవుల్లో చెట్లు నాటించారు, రోడ్లు వేయించారు, పొలాల్లోనూ ఆసుపత్రుల్లోనూ పనిచేయించారు. చాలాకాలం వారిని పిరికివారన్నారు. నాకు తోచేది ఇది: చనిపోయిన మనిషి పేరు రాయడం వేరు, చంపడాన్ని మెచ్చుకోవడం వేరు. విమీ స్మారకం మీద అన్నిటికంటే పెద్ద బొమ్మ ఏమిటో తెలుసా? గెలిచిన సేనాధిపతి కాదు. తల వంచి ఏడుస్తున్న ఒక స్త్రీ.

ఇంతసేపు కెనడావారి పేర్ల సంగతి చెప్పుకున్నాము. మరి మనవారి పేర్లు? ఆ యుద్ధ సమాధుల కమిషనే అధికారీ సిపాయీ అనే భేదం, జాతి భేదం, మత భేదం లేకుండా అందరినీ ఒకే విధంగా జ్ఞాపకం చేయాలని నియమం పెట్టుకున్నది. ఐరోపాలో దానిని చాలామట్టుకు పాటించారు. ఇరాకులో పాటించలేదు. మొదటి యుద్ధంలో అక్కడ చనిపోయి సమాధి తెలియని 40 వేల పైచిలుకు మంది కోసం బస్రాలో ఒక స్మారకం కట్టారు. బ్రిటిషు సైనికుల పేర్లు చెక్కారు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిల దగ్గరకు వచ్చేసరికి, ఫలానా పటాలం, ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. ఆ యుద్ధరంగంలో తెలుగు, తమిళ యువకులతో నిండిన మద్రాసు శాపర్లు వంతెనలు కట్టారు. విమీ గోడ మీద ప్రతి కెనడా సిపాయికీ ఒక పేరు. బస్రా గోడ మీద మనవాళ్ళకు ఒక అంకె.

2021 ఏప్రిల్‌లో ఆ కమిషనే ఒక నివేదిక బయటపెట్టింది. మొదటి యుద్ధంలో చనిపోయిన, ముఖ్యంగా ఆఫ్రికా, ఈజిప్టు మనుషుల్లో కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో జ్ఞాపకం చేయలేదని, కొందరిని అసలు జ్ఞాపకమే చేయలేదని ఒప్పుకున్నది. బ్రిటిషు ప్రభుత్వం పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. నూరేళ్ళ తరువాత! అయినా చెప్పారు, పేర్లు వెదికే పని మొదలుపెట్టారు.

వారిని అనడం సులభం. మన సంగతి చూసుకుందాము. మన గుడి గోడల మీద పేర్లు లేవా? ఉన్నాయి. పునాది రాయి మీద ఉన్నాయి, బల్ల మీద ఉన్నాయి. ఫ్యాను ఇచ్చినవారి పేరు ఫ్యాను రెక్క మీదనే తిరుగుతూ ఉంటుంది. కాని వాన మీద ఆధారపడ్డ మన పడమటి మెట్ట మండలాల నుండి, ముఖ్యంగా గిద్దలూరు, కంభం వైపు నుండి, ఎన్ని కుటుంబాలవారు పట్టాళంలో చేరారో మీకు తెలుసు. ఏ ఊరిలోనైనా ఒక పెద్దాయన ఉంటాడు, లేదా ఉండేవాడు. అసలు పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. "మిలిటరీ తాత" అంటే చిన్నపిల్లవాడు కూడా ఇల్లు చూపిస్తాడు. ఆయన ఏ రెజిమెంటు, ఏ దేశంలో పనిచేశాడు, ఎప్పుడు తిరిగి వచ్చాడు అంటే ఇంట్లోవాళ్ళే తడుముకుంటారు. ట్రంకుపెట్టెలో పతకం ఉంటుంది. దాని అంచు ఎవరూ చదవలేదు.

అందరూ అట్లా లేరు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరున్నది. మిలిటరీ మాధవరం అంటేనే తెలుస్తుంది. మొదటి యుద్ధానికి 90 మంది, రెండవదానికి వెయ్యి మందికి పైగా తమ ఊరి నుండి వెళ్ళారని ఆ ఊరివారు లెక్క చెబుతారు. వారి జ్ఞాపకార్థం ఊరిలో స్మారకం నిలబెట్టుకున్నారు. ఢిల్లీలో ఇండియా గేటు గోడల మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. ఆ యుద్ధంలో చనిపోయిన భారతీయులు 70 వేలకు పైనే. 2019లో ఢిల్లీలో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం స్వాతంత్ర్యం తరువాత చనిపోయినవారి కోసం. అందులో ప్రతి మనిషికీ విడిగా ఒక రాయి, రాయి మీద పేరు ఉన్నాయి. ఆ పద్ధతి చూసి నాకు సంతోషమైంది. ఇక 1942 ఈస్టరు సోమవారానికి గుర్తుగా మనకున్నదేమిటి? విశాఖ మ్యూజియంలో ఒక జపాను బాంబు గుల్ల. బాంబును దాచుకున్నాము.

ఈ సంగతులు కళ్ళారా చూడాలనుకునేవారు కెనడా వెళ్ళనవసరం లేదు. ఒంగోలులో రైలెక్కి మద్రాసు వెళ్ళండి. సెయింట్ థామస్ మౌంట్ దాటి పూనమల్లి రోడ్డు మీద నందంబాక్కం దగ్గర యుద్ధ సమాధుల తోట ఉన్నది. దక్షిణ భారతంలోనూ తూర్పు తీరంలోనూ అక్కడక్కడ పాతిపెట్టిన రెండవ యుద్ధపు సైనికులను, ఆ పాత సమాధులను శాశ్వతంగా చూసుకునేవారు ఉండరని, 1952 నాటికి ఈ తోటకు చేర్చారు. 856 సమాధులు. పచ్చగడ్డి మధ్య వరుసలు తీర్చిన రాళ్ళు, అన్నీ ఒకే ఎత్తు. అధికారికి పెద్దది, సిపాయికి చిన్నది అని లేదు. ప్రతి రాతి మీద పేరు, దళం గుర్తు, చనిపోయిన తేదీ, కొన్నిటి కింద ఇంటివారు చెక్కించిన మాట. ప్రపంచంలో ఎక్కడైనా ఇట్లాంటి తోటలో రాతి మీద మేపుల్ ఆకు కనబడితే ఆ మనిషి కెనడావాడు.

తోట వెనుక భాగంలో మరొక స్మారకం ఉన్నది. ముందు వరుసలు చూసి చాలామంది వెనక్కి మళ్ళిపోతారు, అక్కడిదాకా వెళ్ళరు. మొదటి యుద్ధకాలంలో చనిపోయి, ఈ దేశంలో నానాచోట్ల పాత సమాధుల తోటల్లో పడివున్న వెయ్యి మందికి పైగా సైనికుల పేర్లు దాని మీద ఉన్నాయి. వెళ్ళినవారు అక్కడిదాకా వెళ్ళండి. అక్షరాలు చిన్నవి, వరుసలు దగ్గర దగ్గరగా ఉంటాయి. చదువుకునే కళ్ళద్దాలు మరచిపోకుండా తీసుకెళ్ళండి.